పిట్టల పిడికెడు

పోయిన వారం ప్రగతిని మోదుగ చెట్టు కింద, చేతిలో ఫోనుతో, కళ్ళ నిండా నీళ్ళతో వదిలిపెట్టాం. ఆమె ముందు మూడు నెమళ్ళు చచ్చిపడి ఉన్నాయి. ఏడుస్తున్న మనిషి చేతికి ఫోను అందకూడదు. అందితే ఏమవుతుందో ఆ సాయంత్రం అదే అయింది. అటవీ శాఖ ఆఫీసరు షారోన్ అవతలి నుంచి "మీకు ఎవరి మీదనన్న అనుమానం ఉన్నదా మేడం?" అని అడగగానే, ప్రగతి వెనకాముందూ చూడకుండా "మా అన్న మీద" అనేసింది. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం. ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పే ప్రగతికి ఆ సంగతి తెలియక కాదు. తెలిసే అన్నది.

అలా అనడానికి కారణం లేకపోలేదు. చేవెళ్లకు ఈవల తారురోడ్డు దిగి మట్టిబాటన లోపలికి పోతే వాళ్ళ బాపు దున్నిన మెట్టచేను, చెలక, వస్తుంది. బాపు పోయాక దాని నడుమ ఒక గట్టు లేచింది. అటువైపు అన్న నర్సింహ టమాట, మక్కజొన్న వేస్తాడు. ఇటువైపు ప్రగతి వాటా. ఆడపిల్లకు భూమి ఎందుకని ఊరంతా గొణిగినా, "బాపు బిడ్డ కాదా అది?" అని అందరి నోళ్ళూ మూయించి చెల్లెలి పేరు మీద రాయించింది నర్సింహే. ఆ మాట ప్రగతి మరిచిపోలేదు. మరిచిపోగలిగితే ఇంత బాధ ఉండేది కాదు.

తన వాటాలోని జామాయిల్ చెట్లు పీకించి, సర్కారు తుమ్మ వేళ్ళు తవ్వించి, ఆమె అక్కడ మోదుగ, రేల, తంగేడు, కలివి, పరికి నాటింది. ఈ నేలలో ఎవరూ వేయకుండానే ఒకప్పుడు ఏమేం మొలిచేవో తను అవ్వా అని పిలిచే కన్నతల్లిని అడిగింది, ఊళ్ళో ముసలివాళ్ళను అడిగింది. చిల్కూరు తొవ్వ పొడుగునా విత్తనాలు ఏరుకొచ్చింది. బోద గడ్డిని నడుము ఎత్తుకు ఎదగనిచ్చింది. జన్వాడ ఫాంహౌసుల వాళ్ళు గడ్డి కత్తిరించడానికి మనుషుల్ని పెట్టుకుంటుంటే, ఈమె గడ్డి పెంచడానికి ఆదివారం ఆదివారం మొయినాబాద్ నుంచి స్కూటీ మీద వచ్చేది. ఊళ్ళో దానికి 'పంతులమ్మ పిచ్చి చెలక' అని పేరు పెట్టారు. ఆ పిచ్చి చెలకకు ముందు సీతాకోకచిలుకలు వచ్చాయి. తర్వాత కంజు పిట్టలు, ముంగిసలు, ఒక ఉడుము. నిరుడు వానలకు నెమళ్ళు వచ్చాయి. అక్కడి దాకా కథ చల్లగానే నడిచింది.

నెమళ్ళకు గట్టు సంగతి ఎవరు చెప్పాలి? పొద్దంతా ఇటు గడ్డిలో తిరిగి, ఆకలైతే అటు దిగి నర్సింహ టమాటలు పొడిచేవి. ఒక్కో కాయకు ఒక్క పొడుపు చాలు, చేవెళ్ల మార్కెట్‌లో దాన్ని ఎవరూ ముట్టరు. ఆ సాయంత్రానికి కొద్ది రోజుల ముందు గట్టు మీద నిలబడి, పక్క చేన్ల వాళ్ళంతా వినేట్టు నర్సింహ అరిచాడు. "ఒక్కదాన్ని కూడ మిగలనియ్య! సూస్తుండు!" ఆ మాట చల్లారకముందే నెమళ్ళు చచ్చాయి. ఇక చెల్లెలు ఎవరిని అనుకుంటుంది?

ఆ తర్వాతి పొద్దున షారోన్ వచ్చింది. సన్నటి మనిషి, ఖాకీ చొక్కా, ఊరికే నవ్వని మొహం. మోటార్‌సైకిల్ బాట మీద ఆపి, ప్రగతి ఇంకా రాకముందే చెలకంతా ఒక చుట్టు తిరిగి చూసింది. ప్రగతి స్కూటీ దిగేసరికి కలివి పొద పక్కన నిలబడి ఉంది. ఆ పొద మొదట్లో, గడ్డిలో చిన్న గుంత. అందులో గుడ్లు. చచ్చిన వాటిలో ఒకటి వాటి తల్లి. ప్రగతి వంగి ఒక గుడ్డును వేలి కొసతో ముట్టింది. రాయిలా చల్లగా ఉంది.

"రాత్రికి రాత్రే డాక్టర్ సాబ్ కోసి చూసిండు మేడం," అంది షారోన్. "మూడింటి కడుపుల ఒక్కటే ఉన్నది."

సంచిలోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసి చూపించింది. గులాబీ రంగు గింజలు. ప్రగతికి చెప్పనక్కర్లేదు. మక్క విత్తనం.

"పురుగు పట్టకుండ కంపెనీలనే మందు పట్టిస్తరు గదా, గా రంగు. భూమిల వేస్తే ఫికర్ లేదు. పిట్ట తింటే మాత్రం బతకదు."

ప్రగతి తల తిప్పి గట్టు అటువైపు చూసింది. నల్లగా దున్నిన చాళ్ళలో అప్పుడప్పుడే ఆకుపచ్చ మొలకలు లేస్తున్నాయి. మక్క. ఊహించిందే కళ్ళముందు కనపడితే కాస్త ఊరటగా ఉండాలి. ఆమెకు లేదు. రాత్రంతా ఆమె ఎవరికీ చెప్పకుండా ఒకటే కోరుకుంది, అన్న కాకూడదని.

నర్సింహ అప్పటికే ఖాకీ చొక్కాను చూశాడు. తలకు చుట్టిన తువ్వాల విప్పి మొహం తుడుచుకుంటూ గట్టెక్కి వచ్చాడు. మోకాళ్ళ దాకా బురద. మనిషి కొంచెం నల్లబడ్డాడు గానీ నడక అచ్చం బాపుదే.

"నమస్తే మేడం. నెమళ్ళ సంగతేనా?"

"అవునన్నా. మిమ్మల్ని రెండు మాటలు అడగాలె."

"అడుగుండ్రి. కని నా పేరు ఎవరు చెప్పిన్రు మీకు?"

షారోన్ భుజం మీది సంచి సర్దుకుంది. ఇలాంటప్పుడు ఏం మాట్లాడకూడదో ఆమె ఉద్యోగం ఆమెకు నేర్పింది. చెప్పాల్సిన మనిషి పక్కనే ఉంది.

"నేనే జెప్పిన," అంది ప్రగతి.

నర్సింహ ఆమెను చూశాడు. కోపం వస్తుందనుకుంది ప్రగతి. దానికి సిద్ధంగా ఉంది కూడా. కానీ ముందు వచ్చింది కోపం కాదు. చిన్నప్పుడు ఎవరో కొడితే నమ్మలేక చూసే పిల్లవాడి మొహం అయింది అతనిది. కోపం ఆ తర్వాత వచ్చింది.

"నా మీదనా? కడుపు చించుకుంటే కాళ్ళ మీదనే పడుతది, గదన్న తెల్వదా నీకు? ఇంటి ముచ్చట ఖాకీబట్టల దాక తీస్కపోయినవా? నన్నొక్క మాట అడగొద్దా? పది అడుగులు, గట్టు దాటి వస్తే అయిపోవు!"

"నువ్వే గదన్నా అన్నవ్, ఒక్కదాన్ని కూడ మిగలనియ్యనని. ఊరంత విన్నరు."

"నేనే అన్న! మల్ల అంట! పంట పోయినోడు ఏమంటడు, హారతి పడుతడా? నీ నెమళ్ళు నీ గడ్డిల పండుకుంటయి, నా చేన్ల తింటయి. నువ్వేమో ఫొటోలు దీస్కుంటవ్. నీ అడివికి అన్నం పెట్టేది నేను, పేరు నీకు. ఇంకో మాట చెప్త ఇను. గీ చెలకల పొదలు బాపు కొట్టిండు. గడ్డపార పట్టి, చేతులు బొబ్బలెక్కి, ఎండకాలమంత కొట్టిండు. అవ్వ నెత్తి మీద రాళ్ళు మోసింది. నువ్వు మల్ల పొదలు చేస్తివి. బాపు చేసిందంత ఉత్తదేనా మరి?"

ఈ మాట ప్రగతికి తగలవలసిన చోట తగిలింది. తను ఈ చెలక పట్టిన ఆరేళ్ళలో అన్న ఈ మాట అనలేదు. అనలేదంటే మనసులో లేదని కాదని ఇప్పుడు తెలిసింది.

"బాపు కొట్టిండు, నిజమే," అంది మెల్లగా. "కొట్టుకుంట కొట్టుకుంట కంజు గూడు కనపడితే గా పొద ఇడిసిపెట్టెటోడు. నువ్వే చూపెట్టినవ్ నాకు, నన్ను భుజం మీద ఎక్కిచ్చుకొని. నేను నాటింది బాపు ఇడిసిపెట్టిన పొదనే అన్నా."

నర్సింహ చూపు పక్కకు తిప్పుకున్నాడు. గొంతు తగ్గింది గానీ మాట తగ్గలేదు.

"నెమళ్ళంటే నాకు పానం ఉండదనుకుంటున్నవా? అవ్వకు చెప్పలె నేను ఇప్పటిదాక. ఇంట్ల ఎవ్వరిని చెప్పనియ్యలె. నెమళ్ళు సచ్చినయంటే ముసల్ది బువ్వ ముట్టదు."

షారోన్ కవరు ముందుకు చాపింది. "అన్నా, ఇవి మీయేనా?"

నర్సింహ కవరు అందుకోలేదు. దూరం నుంచే చూశాడు. దొంగ అయితే తడుముకునేవాడు. ఇతను తడుముకోలేదు.

"నా విత్తనమే. సంచి అడుగున జర్రంత మిగిలింది, కొట్టంల పెట్టిన. కని నేను చల్లలె మేడం. చల్లెటోణ్ణయితే మీరొస్తుంటే ఎదురొస్తునా?"

"ఎవరూ చల్లలేదు," అంది షారోన్. "చల్లితే మట్టిల కలుస్తయి గదా. ఒక్కకాడ కుప్ప వోసి పెట్టిన్రు. రాండ్రి, చూపిస్త."

ముగ్గురూ గడ్డిని పాయలు తీసుకుంటూ లోపలికి నడిచారు. మోదుగ చెట్టుకు అవతల, గట్టు పక్కనే, ఒక బల్లపరుపు రాయి ఉంది. ప్రగతి చిన్నప్పటి నుంచి చూసిన రాయే. జామాయిల్ పీకించినప్పుడు కూలీలు దాన్ని దొర్లించబోతే, ఉండనివ్వండి అని ఊరికే అన్నది, ఎందుకో తనకే తెలియకుండా. ఇప్పుడు దాని మీద గులాబీ గింజలు కొన్ని మిగిలి ఉన్నాయి. చుట్టూ నెమళ్ళ కాళ్ళ గుర్తులు. రాయి నెత్తిన పసుపు, పసుపు మీద కుంకుమ బొట్టు. పక్కన మోదుగాకు దొప్ప, అందులో అడుగున కాసిని నీళ్ళు.

"నాకు సమజ్ కానిది ఇదే," అంది షారోన్. "పసుపు రాసి ఎవరన్న విషం పెడతరా?"

ప్రగతి చూపు దొప్ప మీద పడి అక్కడే ఆగిపోయింది. ఊళ్ళో ఎవరైనా దొప్పను చీపురుపుల్లతో కుడతారు. ఈ దొప్పను పరికి ముల్లుతో కుట్టారు. ముల్లు వంపు లోపలికి తిప్పి, తాగే పిట్ట మూతికి గుచ్చుకోకుండా. అలా కుట్టే మనిషి వాళ్ళకు తెలిసినంతలో ఒక్కరే ఉన్నారు. ఆ మనిషికి ఇప్పుడు కళ్ళలో పొరలు కమ్మాయి, చేతి వేళ్ళకు మాత్రం ఇంకా చూపు ఉంది.

పిట్టల పిడికెడు. ఆ పేరే మరిచిపోయింది ప్రగతి. బాపు ఉన్న రోజుల్లో విత్తడం అయిపోయిన సాయంత్రం మిగిలిన గింజలు ఇంటికి తిరిగి తెచ్చేవాళ్ళు కాదు. ఇంటి పెద్దావిడ ఆఖరి పిడికెడు తీసి, ఈ రాయికి పసుపు రాసి, దాని మీద పోసి, దొప్పలో నీళ్ళు పెట్టి, "మీ పాలు మీకిచ్చిన, మా పాలు మాకిడువుండ్రి" అని పిట్టలకు చెప్పేది. అప్పటి విత్తనం ఇంట్లో దాచుకున్న విత్తనం. బూడిద కలిపి కుండలో పోసింది. పిట్ట తిన్నా మనిషి తిన్నా ఏమీ కాదు. కంపెనీ సంచులు వచ్చాక మిగిలిన గింజ ఎవరూ వదలలేదు. మరుసటి విత్తుకు దాచుకునేవాళ్ళు. రాయి మీద పసుపు వెలిసిపోయింది, ఆచారం అణగిపోయింది. పోయిందనే అనుకున్నారు.

ప్రగతికి ఇంకొకటి గుర్తొచ్చింది. గుర్తురాకుండా ఉంటే బాగుండేది. పోయిన ఆదివారం, అన్న అరిచిన మరునాడు, అవ్వ సంగమ్మ ఆమె చేయి పట్టుకుని అడిగింది. "మీ ఇద్దరి లొల్లి ఎప్పుడు ఒడుస్తది బిడ్డా?" ప్రగతి నవ్వులాటకే జవాబిచ్చింది. "నెమళ్ళ కడుపు నిండితే ఒడుస్తది అవ్వా. కడుపు నిండినయి అన్న చేన్ల పడవు." అవ్వ నవ్వలేదు. తల ఊపి ఊరుకుంది. ఆ తల ఊపడం ఎంత దూరం పోయిందో ఇప్పుడు ఈ రాయి మీద కనపడుతోంది.

ఆమె అన్న వైపు చూసింది. నర్సింహ కూడా దొప్పనే చూస్తున్నాడు. పురుగుమందు డబ్బాలను అతను అవ్వకు అందకుండా అటక మీద పెడతాడు, ఆ సంగతి ఇంటిల్లిపాదికీ తెలుసు. విత్తనాల సంచి మాత్రం కొట్టంలో నేల మీదే ఉంటుంది. గింజకు పూసిన రంగు కూడా మందేనని అతను అవ్వకు ఎప్పుడూ చెప్పలేదు. చెప్పాలని తోచలేదు. విత్తనాన్ని చూసి భయపడాలని ఏ రైతు తల్లికి చెబుతాడు?

అన్నాచెల్లెళ్ళ కళ్ళు కలిశాయి. చాలా రోజుల తర్వాత ఇద్దరికీ ఒకే మాట ఒకేసారి తెలిసింది, ఆ మాటే ఇద్దరిలో ఎవరూ పైకి అనలేనిది.

"అన్నా," అంది షారోన్, ఇద్దరినీ మార్చి మార్చి చూస్తూ. "మీకేదో తెల్సినట్టున్నది. దాచితే ఎక్కువైతది. నెమలి అంటే మాములు పిట్ట గాదు. జైలు దాక పోతది కేసు."

"తెల్వక పెట్టినా?" అంది ప్రగతి. "తెల్వక పెట్టినోళ్ళకు కూడనా?"

"తెలిసి పెట్టిన్రా తెల్వక పెట్టిన్రా నేను చెప్పేది గాదు మేడం. అది కోర్టు చూస్తది. పెట్టింది ఎవరో నేను రాయాలె. స్టేషన్‌కు తీస్కపోయి మాట్లాడాలె."

స్టేషన్ అన్న మాట వినగానే నర్సింహ కదిలాడు. రెండడుగులు వేసి రాయి దగ్గరికి వచ్చాడు. వంగినట్టే వంగి, బురద కాలితో దొప్ప మీద అడుగు వేశాడు. ఆకు చిట్లి నీళ్ళు మట్టిలోకి ఇంకాయి. పరికి ముల్లు కాలిలో దిగే ఉంటుంది, అయినా కాలు తీయలేదు.

"నేనే పెట్టిన మేడం," అన్నాడు. "పంట తింటున్నయని కోపమొచ్చింది. పెట్టిన. రాస్కోండ్రి."

"జరసేపటి కిందనే గదా పెట్టలేదన్నరు?"

"భయమై అట్లన్న. ఇప్పుడు చెప్తున్న."

"పసుపెందుకు రాసిన్రు మరి?"

అబద్ధం ఆడటం అలవాటు లేని మనిషి, ఒక్కటి ఆడేసరికే ఊపిరి అయిపోయింది. "నా ఇష్టం," అన్నాడు మొండిగా.

షారోన్ అతన్ని వదిలి ప్రగతి వైపు తిరిగింది. "మేడం, ఫోన్ చేసి పేరు చెప్పింది మీరు. ఈయన ఒప్పుకున్నడు కూడ. మీరేమంటరు? ఈయనేనా?"

ఇప్పుడు ఆమె 'అవును' అంటే అన్న జైలుకు పోతాడు, అది కూడా తను చెప్పిన అబద్ధం మీద. 'కాదు' అంటే తర్వాతి ప్రశ్న 'మరెవరు?'. కంటిపొరలతో, వణికే కాళ్ళతో, డెబ్బై దాటిన అవ్వ ఆ ప్రశ్నకు అవతల కూర్చుని ఉంది. చూస్తే అన్న కళ్ళు వేడుకుంటున్నాయి. చిన్నప్పుడు తను చేసిన తప్పులకు అన్నిటికీ బాపు ముందు ఇలాగే నిలబడి దెబ్బలు తిన్నాడు. అలాంటి అన్న మీద, పది అడుగులు నడిచి అడగకుండా, వేలు చూపించింది తను. ప్రగతికి తన మీద తనకే అసహ్యం వేసింది.

"చెప్పు," అన్నాడు నర్సింహ. "నేనే అని చెప్పు చెల్లే. నిన్న చెప్పినవ్ గదా. గదే చెప్పు."

ప్రగతి నోరు తెరిచింది. మాట రాకముందే గట్టు మీద కర్ర చప్పుడైంది.

"నర్సింహా! గాడ ఎవరు కొడుకా? ప్రగతి గొంతు ఇనవడుతున్నది. వచ్చిందా నా బిడ్డ?"

సంగమ్మ కర్రతో తొవ్వ తడుముకుంటూ గడ్డిలోకి దిగింది. కాళ్ళ కింద బోద గడ్డి కరకరలాడింది. ఒక చేతిలో కర్ర, ఇంకో చేతిలో కొత్తగా కుట్టిన మోదుగాకు దొప్ప. నడుం దగ్గర కొంగుకు పెద్ద ముడి.

"అవ్వా, పో, ఇంటికి పో!" నర్సింహ అరిచాడు. "నీకీడ ఏం పని?"

"గదేందిరా గట్ల ఒర్రుతున్నవ్? పిట్టలకు పిడికెడు పెట్టొస్త, గంతే." అవ్వ ఆగలేదు. పొరలు కమ్మిన కళ్ళకు ఖాకీ చొక్కా మనిషి లీలగా కనపడి ఉండాలి. పిచ్చి చెలక చూడటానికి ఎవరో ప్రగతి స్నేహితురాలు వచ్చిందనుకుని చిరునవ్వు నవ్వింది. "మంచిగ వచ్చినవ్ బిడ్డా. మా నెమళ్ళను సూద్దువు. రెండు దినాల సంది వాటి కూత ఇనవడుతలేదు. కడుపులు నిండి నిమ్మళంగ పండుకున్నట్టున్నయి."

షారోన్ చూపు దొప్ప మీదికి పోయింది. దాన్ని కుట్టిన ముల్లు మీదికి. అక్కడి నుంచి నర్సింహ కాలి కింద నలిగిన ఆకు మీదికి.

అవ్వ తడుముకుంటూ వచ్చి ప్రగతి మణికట్టు పట్టుకుంది. కర్రను చంకలో ఇరికించుకుని, దొప్పను ప్రగతి చేతిలో పెట్టి, ఒంటిచేత్తో కొంగు ముడి విప్పింది. గులాబీ గింజలు ఎండలో మెరిశాయి.

"మొన్న మీ అన్న పేరు మీద పెట్టిన," అంది సంగమ్మ, ప్రగతి చేతిని రాయి వైపు లాగుతూ. "గీ పిడికెడు నీ పేరు మీద. ఇద్దరిది అయితెనే లొల్లి ఒడుస్తది. దా బిడ్డా, చెయ్యి వట్టు."